మాబ్లి గీకేసిన చెట్టు

“మాబ్లీ! నీ చెట్టుకి గజ్జి పట్టిందే!”

మాక్సెన్ అరుపుకి పిల్లలందరూ తిరిగి చూశారు. మధ్యాహ్నం తిండి డబ్బాలు అప్పుడే తెరిచారు. మాబ్లి చేతిలో సగం కొరికిన చీజ్ శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది.

“నీకే పట్టింది,” అంది మాబ్లి.

“నా చెట్టుకి చిగుళ్లొచ్చాయి, చూసుకో. నీదానికి ఒక్కటైనా ఉందా? అది ఎప్పుడో చచ్చిపోయింది. అంత్యక్రియలకి మమ్మల్ని కూడా పిలువు. కేకులు తినిపోతాం.”

పిల్లలు పకపకా నవ్వారు. మాబ్లి నవ్వలేదు. లేచి తన చెట్టు దగ్గరికి వెళ్లింది.

మా లోయలో బడి చిన్నది. వాన ఎక్కువ, పిల్లలు తక్కువ. శుక్రవారం వస్తే మధ్యాహ్నం పాఠాలన్నీ బడి వెనక ఓక్ అడవిలోనే. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు ఇస్తారు. ఏడాదంతా ఆ చెట్టు కబుర్లు వాళ్లే చెప్పాలి. ఏ పిట్ట గూడు కట్టింది, ఏ కొమ్మ విరిగింది, ఎన్ని కాయలు రాల్చింది, అంతా వాళ్ల పూచీ. మాబ్లికి తొమ్మిదేళ్లు. తన చెట్టంటే ప్రాణం. అది వాగు ఒడ్డున కాస్త వంగి ఉంటుంది. అందరి చెట్ల కంటే లావు, అందరి చెట్ల కంటే ముసలిది.

కానీ మాక్సెన్ అన్నదాంట్లో నిజం ఉంది. ఆ ఏప్రిల్ నెలలో వారాల తరబడి వాన పడలేదు. మా దగ్గర అలా జరగదు. పొడి తూర్పుగాలి ఒకటే వీచింది. చెట్ల మీద నాచంతా గోధుమరంగుకి మారి, ముట్టుకుంటే పరపరమంటోంది. మాబ్లి చెట్టు మీద నాచుతో పాటు ఇంకోటి కూడా ఉంది. వెడల్పాటి ఆకుల్లాంటి పొరలు. చలికాలంలో అవి పాలకూరలా పచ్చగా ఉండేవి. ఇప్పుడు మాడిపోయి, అంచులు పైకి లేచి, మానని పుండు మీద పక్కుల్లా వేలాడుతున్నాయి. పైన కొమ్మలకి ఒక్క చిగురూ లేదు.

మాబ్లి టీచరు కోసం చుట్టూ చూసింది.

దేనికైనా ముందు నన్నడగండి, అని టీచరు మిస్ మోర్విద్ ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. ఆవిడ ఆ చివర ఎవరో చిన్నపిల్ల మోకాలి దెబ్బకి ప్లాస్టర్ అంటిస్తోంది. మాబ్లి అటు రెండడుగులు వేసింది.

“అడుగు, అడుగు,” అన్నాడు మాక్సెన్ వెనకనుంచి. “చెట్టుకి జబ్బని తెలిస్తే రంపం పట్టుకొచ్చి కోసేస్తారు. రోడ్డు పక్క ఆష్ చెట్లని కొయ్యలేదూ?”

మాబ్లి ఆగిపోయింది. నిజమే. కిందటేడు రోడ్డు పొడుగునా ఆష్ చెట్లకి తెగులొస్తే, నారింజరంగు బట్టలేసుకున్న మనుషులు వచ్చి ఒక్కటి మిగల్చకుండా కోసేశారు. చలికాలమంతా ఈ అడవిలోనూ రంపాల మోతే. అయితే అది వేరే సంగతి. ఎప్పుడో ఎవరో డబ్బున్నాయన తన తోటలో అందం కోసం ఊదారంగు పూల పొద నాటుకున్నాడు. అది గోడ దాటి సగం అడవిని మింగేసింది. దాని కింద పట్టపగలే చీకటి. ఆ చీకట్లో ఒక్క ఓక్ మొక్క లేవలేదు, నాచు బతకలేదు. ఊళ్లోవాళ్లంతా ఏళ్ల తరబడి శనివారాలు వెళ్లి వాటిని నరికారు. మాబ్లి అమ్మ నరికింది, తాతయ్య నరికాడు. ఆఖరి పొద కిందటి ఫిబ్రవరిలో పోయింది. ఆ రోజు అందరూ వానలో నిలబడి టీ తాగి, ఒకళ్ల వీపులు ఒకళ్లు చరుచుకున్నారు.

మాబ్లికి మాత్రం ఒక్కటే గుర్తుంది. అడవిలో చెడ్డది కనబడితే పెద్దవాళ్లు కోసేస్తారు.

ఆమె మిస్‌ని అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఎమ్రిస్ తాతయ్య ఇంటి కప్పు మీద ఉన్నాడు. స్లేటు పెంకుల మీద నాచు గీకుతున్నాడు. తాతయ్య ఒకప్పుడు క్వారీలో పనిచేశాడు, తరవాత కప్పులు వేశాడు. స్లేటు సంగతి ఆయనకి తెలిసినంతగా మా లోయలో ఇంకెవరికీ తెలియదు. కింద మాబ్లి పొట్టి నిచ్చెనెక్కి బొగ్గుల కొట్టం కప్పు గీకుతోంది.

“ఎండినప్పుడే గీకాలి తల్లీ,” అన్నాడు తాతయ్య పైనుంచి. “తడిగా ఉంటే సాగుతుంది. ఇప్పుడైతే పెచ్చుల్లా లేచొస్తుంది.”

“ఎందుకు గీకాలి తాతయ్యా?”

“వదిలేస్తే పెంకుల కిందికి దూరుతుంది. పెంకుని లేపుతుంది. నీళ్లు లోపలికొస్తాయి. నీ మంచం మీదే పడతాయి.”

“నాచు చెట్టుని కూడా చంపేస్తుందా?”

ఊడిన పెంకు బిగించడానికి తాతయ్య నోట్లో మేకులు పెట్టుకున్నాడు. ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు కప్పు మీద ఉంది. మనసంతా జారకుండా నిలబడటం మీదే ఉంది.

“నాచు దేన్నీ వదలదమ్మా,” అన్నాడు.

తరవాత కిందికి దిగి కొట్టం కప్పు చూసి, “అబ్బో! నా కంటే నువ్వే బాగా గీకావే. ఒక్క పెంకూ చిట్లలేదు. ఈ పిల్ల చేతిలో పనితనం ఉంది!” అని లోపలున్న అమ్మకి వినబడేలా అరిచాడు.

ఆ మాటతో మాబ్లికి ఏం చెయ్యాలో తెలిసిపోయింది.

మధ్యాహ్నం అమ్మ దుకాణానికి వెళ్లింది. తాతయ్య కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మాబ్లి గీకే రేకు, ఇనప బ్రష్, గోనెసంచి, పొట్టి నిచ్చెన తీసుకుని అడవిలోకి నడిచింది.

పని మొదలుపెట్టేముందు చెట్టుని కాసేపు వాటేసుకుంది. “నొప్పి పెట్టకుండా చేస్తాలే,” అంది.

నిజంగానే నొప్పి పెట్టకుండా చేసింది. బెరడుకి గాటు పడకుండా రేకుని పక్కకి వాల్చి పట్టుకుంది. నాచు పెచ్చుల్లా లేచొచ్చింది. ఆ గోధుమరంగు పొరలు ఇంకా తేలిగ్గా ఊడాయి. పగుళ్లలో మిగిలినవాటిని బ్రష్‌తో దులిపింది. నిచ్చెన మీద నిలబడి చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు గీకింది. చుట్టూ తిరిగి గీకింది. చేతులకి బొబ్బలు లేచినా ఆపలేదు.

గీకినవాళ్లే ఊడ్చాలి, అనేది తాతయ్య పెట్టిన రూలు. అందుకని రాలినదంతా ఊడ్చి సంచికెత్తింది. సంచిని వాగు దగ్గరికి ఈడ్చుకెళ్లి నీళ్లలోకి దులిపేసింది. అదంతా తేలుకుంటూ వంతెన కిందనుంచి వెళ్లిపోయింది.

మాబ్లి వెనక్కొచ్చి చూసింది. చెట్టు బూడిదరంగులో నున్నగా, శుభ్రంగా నిలబడి ఉంది. దానికి తల దువ్వి బడికి పంపుతున్నట్టు అనిపించింది. ఆ సాయంత్రం మాబ్లి ఎంత సంతోషపడిందో చెప్పలేను. రాత్రి భోజనంలో సూప్ రెండుసార్లు వేయించుకుంది.

ఆదివారం వాన పట్టుకుంది. సోమవారమూ వదల్లేదు.

సోమవారం క్లాసుకి ఒక కొత్తావిడ వచ్చింది. పేరు టెగ్వెన్, అడవుల్లో మొక్కల మీద పరిశోధన చేస్తుంది. మెడలో తాడుకి చిన్న భూతద్దం వేలాడుతోంది. బూట్ల నిండా బురద. మిస్ మోర్విద్ ముఖం వెలిగిపోతోంది.

“పిల్లలూ, ఒక రహస్యం చెబుతాను. ఇన్నాళ్లూ దాచాం. ఎవరైనా వచ్చి పీక్కుపోతారేమోనని భయం. మన అడవిలో ఒకే ఒక్క చెట్టు మీద ఒకటి బతికుంది. టెగ్వెన్ కిందటేడు చూసి కనిపెట్టింది.”

“గుడ్లగూబా?” అన్నాడు మాక్సెన్.

“కాదు,” అని నవ్వింది టెగ్వెన్. “లైకెన్. నాచుకి చుట్టంలా కనబడుతుంది కానీ నాచు కాదు. ఆకులాగా వెడల్పుగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లా గుంటలు గుంటలుగా ఉంటుంది, అందుకే ఊపిరి లైకెన్ అంటాం. ఒకప్పుడు ఈ అడవంతా ఉండేది. పొదల చీకట్లో చచ్చిపోయింది. ఇప్పుడు మీవాళ్లు పొదలన్నీ తీసేశారు కదా? వెలుగొచ్చింది. కానీ దానికి కాళ్లు లేవు, పాపం. నడిచి రాలేదు. మనమే ఆ చెట్టు మీదనుంచి చిన్న చిన్న ముక్కలు తీసి, ఒక్కో చెట్టుకీ కట్టాలి. ఈ రోజు మీ చేతే కట్టిస్తాను.”

“ఎవరి చెట్టు మిస్? ఎవరి చెట్టు?” పిల్లలు బెంచీలెక్కేశారు.

“పదండి, చూద్దురుగాని.”

అందరూ వానకోట్లు తగిలించుకుని పరుగెత్తారు. మాబ్లి అందరి కంటే ముందు పరుగెత్తింది. తన చెట్టే అయితే బాగుండును అనుకుంటూ పరుగెత్తింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పిండేసినట్టు ఉంటుంది.

టెగ్వెన్ వాగు ఒడ్డున వంగిన చెట్టు ముందు ఆగింది. చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. బెరడుకి కొట్టిన చిన్న నంబరు బిళ్ల మీద తడి తుడిచి చదివింది. జేబులోంచి కాగితం తీసి అందులో నంబరు చూసుకుంది. మళ్లీ బిళ్ల చూసింది.

“అరె, గజ్జి పోయిందే!” అన్నాడు మాక్సెన్.

“నేనే గీకాను మిస్!” అంది మాబ్లి. “శనివారం మొత్తం నేనే గీకాను. మా తాతయ్య కప్పు గీకినట్టు. జబ్బంతా పోయింది. బాగుంది కదా మిస్?”

టెగ్వెన్ మెల్లగా తడినేల మీద కూర్చుండిపోయింది. వానకోటు టోపీ వెనక్కి జారిపోయినా లాక్కోలేదు.

“మాబ్లీ,” అంది మిస్ మోర్విద్. “గీకినదంతా ఎక్కడుంది?”

“వాగులో పోశాను మిస్. నేను ఊడ్చాను కూడా.”

టెగ్వెన్ వాగు వైపు చూసింది. రెండు రోజుల వానకి వాగు గోధుమరంగుతో పొంగి పారుతోంది. ఆవిడ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అంతవరకు ఆ పిల్లలు పెద్దవాళ్లు ఏడవడం ఎప్పుడూ చూడలేదు.

“నేను తప్పు చేశానా?” అంది మాబ్లి. “అది జబ్బు కాదా? ఎండిపోయి, పక్కులు కట్టి…”

“ఎండ కాస్తే అది అలాగే ముడుచుకుంటుంది,” అంది టెగ్వెన్ తల ఎత్తకుండా. “నిద్రపోతుంది. వానొస్తే లేస్తుంది. చెట్టుని అది ఏమీ చెయ్యదు. బెరడు పట్టుకుని వేలాడుతుంది, అంతే. వానా గాలీ తిని బతుకుతుంది.”

“అయితే మళ్లీ మొలుస్తుంది కదా? మేం కప్పు ఎంత గీకినా మళ్లీ వచ్చేస్తుంది.”

“కప్పు మీది నాచు వేరు. ఇది ఏడాదికి గోరు మందం పెరుగుతుంది. అసలు మళ్లీ మొలవాలంటే దగ్గర్లో ఇంకోటి బతికుండాలి. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.”

“సారీ,” అంది మాబ్లి.

టెగ్వెన్ టీచరు వైపు తిరిగింది. “మోర్విద్, పిల్లల్ని లోపలికి తీసుకెళ్తావా? నన్ను కొంచెంసేపు వదిలెయ్యండి,” అంది.

మాబ్లికి ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు.

సాయంత్రం తాతయ్యకి విషయం తెలిసింది. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“నన్నడిగింది,” అన్నాడు అమ్మతో. “నాచు చెట్టుని చంపుతుందా అని అడిగింది. నేను నోట్లో మేకులు పెట్టుకుని ఏదో వాగాను. ఏళ్ల తరబడి పొదలు నరికింది మనం. ఆఖరికి నా రేకుతోనే ఆ లైకెన్‌ని గీకించాను.”

“నువ్వేం చేశావ్ నాన్నా? మాబ్లిని పంపింది నువ్వా?” అంది అమ్మ.

“పనితనం నేర్పాను. ఎక్కడ చెయ్యకూడదో నేర్పలేదు.”

ఆయన లేచి బూట్లు వేసుకున్నాడు. “పద తల్లీ. చీకటి పడేలోగా ఏమైనా దొరుకుతుందేమో చూద్దాం.”

ఇద్దరూ వాగు ఒడ్డున మోకాళ్ల మీద పాకుతూ వెతికారు. ముళ్లపొదల్లో, రాళ్ల సందుల్లో, వేళ్ల కింద వెతికారు. నాచు దొరికింది, బురద దొరికింది, కుళ్లిన ఆకులు దొరికాయి. కాసేపటికి టెగ్వెన్ కూడా వచ్చి పక్కన కూర్చుని వెతికింది. తరవాత వంతెన దగ్గర ఎవరో నీళ్లలో దిగి కనబడ్డారు. మాక్సెన్. బూట్లలోకి నీళ్లు పోతున్నా లెక్కచెయ్యకుండా రాళ్లు ఎత్తి చూస్తున్నాడు.

“నువ్వెందుకొచ్చావ్?” అంది మాబ్లి.

“ఊరికే,” అన్నాడు. ఇంకో రాయి ఎత్తుతూ, “రంపం తెస్తారని నేనే అన్నాను కదే,” అన్నాడు.

చెట్టు మొదట్లో కొన్ని, ముళ్లకి పట్టుకుని కొన్ని, సంచి కుట్లలో ఇరుక్కుని కొన్ని లైకెన్ ముక్కలు దొరికాయి. అన్నీ కలిపి మాబ్లి గుప్పెటలో పట్టాయి. వాన నీళ్లు తగిలి అవి మళ్లీ పచ్చబడుతున్నాయి. ఎంత పచ్చగానో! మాబ్లి వాటిని చూసి అప్పుడు ఏడ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది. తాతయ్య ఆపమని చెప్పలేదు.

“ఇవి బతుకుతాయా?” అంది.

“నీకు అబద్ధం చెప్పను,” అంది టెగ్వెన్. “మంచి ముక్క జాగ్రత్తగా తీసి కడితేనే సగం చస్తాయి. ఇవి నలిగిపోయాయి.”

“అయినా కడదామా?”

టెగ్వెన్ మొదటిసారి మాబ్లి ముఖంలోకి చూసింది. “కడదాం,” అంది.

ఉల్లిపాయల వలసంచి కత్తిరించి, ఆ చిన్న వలల కింద ముక్కలు పెట్టి, పొదలు తీసేసిన వైపు చెట్లకి కట్టారు. ఎక్కడ కట్టాలో టెగ్వెన్ చూపించింది. మాబ్లి మాత్రం కట్టడానికి చెయ్యి పెట్టలేదు. “మీరే కట్టండి, నేను చూస్తాను,” అంది టెగ్వెన్‌తో.

మే నెలాఖరుకి మాబ్లి చెట్టు చిగురించింది. అన్ని చెట్ల కంటే ఆలస్యంగా, అన్నిటికంటే గుబురుగా చిగురించింది. అది ఏటా అంతేనట. తాతయ్యకి చిన్నప్పటినుంచీ తెలుసు. మాబ్లి అడిగి ఉంటే చెప్పేవాడు. దానికి ఏ జబ్బూ లేదు. అసలు ఎప్పుడూ లేదు.

మాబ్లి ఆ ఆకుల కింద నిలబడింది. చెట్టు బతికే ఉందని సంతోషపడాలి కదా? సంతోషం రాలేదు. అది చచ్చిపోయుంటే తను చేసిన పనికి ఒక కారణమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

మిగిలిన కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ మొదలుపెట్టాక చెప్పాలి. జూన్‌లో నత్తలు వలల సందుల్లోంచి దూరి కొన్నిటిని తినేశాయి. ఆగస్టులో కొన్ని తెల్లబడి పొడైపోయాయి. అక్టోబరు తుపానుకి ఒక చెట్టు వలతో సహా కూలింది. టెగ్వెన్ వచ్చినప్పుడల్లా మాబ్లి వెంట తిరిగింది. టెగ్వెన్ భూతద్దం పెట్టి చూసి తల అడ్డంగా ఊపేది. ఇద్దరూ ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లేవారు. ఒకసారి టెగ్వెన్, “నీ మీద నాకు చాలా కోపం వచ్చింది, తెలుసా?” అంది. “తెలుసు,” అంది మాబ్లి. “ఇప్పుడు లేదు. కానీ బాధ మాత్రం పోలేదు,” అంది టెగ్వెన్. “నాకూ,” అంది మాబ్లి.

సెప్టెంబరులో బడి తెరిచాక మిస్ మోర్విద్ చెట్లు మళ్లీ పంచింది. పెద్దపిల్లలు ముందు ఎంచుకోవాలి. “నీకు కావలసింది తీసుకో మాబ్లీ,” అంది మెత్తగా. నాచుతో, ఫెర్న్ మొక్కలతో ముద్దొచ్చే చెట్లు ఎన్నో ఉన్నాయి. మాబ్లి మళ్లీ వాగు ఒడ్డున వంగిన చెట్టునే తీసుకుంది. ఎవరూ వేళాకోళం చెయ్యలేదు.

ఆ పక్క చెట్టు బెకా తీసుకుంది. బెకా అప్పుడే బడిలో చేరిన బుడత. పళ్లు ఊడిపోయిన నోటితో రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది.

వసంతం వచ్చేసరికి మాబ్లి కట్టించిన ముక్కల్లో ఒక్కటి మిగిలింది. బొటనవేలి గోరంత ఉంటుంది. ఒక అంచు గోధుమరంగుకి తిరిగింది. దాన్ని చూసి టెగ్వెన్ ఏమీ అనలేదు. బాగుంటే చెప్పేది.

ఆ ఏడూ ఏప్రిల్లో కొన్ని రోజులు వాన తప్పింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మాబ్లి తన చెట్టు దగ్గర కూర్చుని ఉంటే పక్కనుంచి పరపరమని శబ్దం వినిపించింది. బెకా తన చెట్టు మీద నాచుని గోళ్లతో పీకుతోంది. బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నాయి.

“నా చెట్టు చచ్చిపోతోందక్కా! చూడు, ఎలా అయిపోయిందో! ఈ పాడుదంతా తీసేస్తే బతుకుతుంది!”

మాబ్లికి కేక పెట్టి బెకాని అవతలికి లాగెయ్యాలనిపించింది. లేచింది. రెండడుగుల్లో అక్కడికి వెళ్లింది. కానీ కేక పెట్టలేదు. బెకా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆ చిన్న గోళ్లలో గోధుమరంగు పొడి ఇరుక్కుని ఉంది.

“నాకూ అలాగే అనిపించింది,” అంది. “ఇంకేం పీకకు. రా, మిస్‌ని అడుగుదాం.”

“మిస్ కోసేయమంటే?”

“అనదు. అన్నా నేనున్నాగా. పద.”

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అడవి ఆ చివరకి నడిచారు. మిస్ మోర్విద్ అంతా విని, మాబ్లి ముఖం చూసింది. తరవాత కొండమీది మబ్బు చూసింది.

“వాన వస్తోంది. వెళ్లి దాని దగ్గర కూర్చోండి. తడుస్తారు, పరవాలేదు,” అంది.

ఇద్దరూ తిరిగొచ్చి మాబ్లి కోటు నెత్తిమీద కప్పుకుని కూర్చున్నారు. ముందు సన్నగా జల్లు పడింది. తరవాత చినుకులు పెద్దవయ్యాయి. బెకా చెట్టు మీద ముడుచుకున్న నాచు మెల్లగా విప్పుకుంది. గోధుమరంగు మాసిపోయి, పైనుంచి కిందికి పచ్చదనం దిగింది.

“అక్కా! పచ్చబడుతోంది! చూడు, చూడు!” బెకా కోటులోంచి తల బయటపెట్టి గెంతింది. “నేనేం చెయ్యలేదు, అదే పచ్చబడుతోంది!”

“అవును,” అంది మాబ్లి.

బెకా ఇటు తిరిగింది. “మరి నీ చెట్టు ఎందుకు పచ్చబడట్లేదు?”

“దాని మీద ఏమీ లేదు. నేను గీకేశాను.”

“ఎందుకు?”

“జబ్బనుకున్నాను. ఎవర్నీ అడగలేదు.”

బెకా ఆ బోడి చెట్టుకేసి చూసింది. “మళ్లీ ఎప్పుడొస్తుంది?”

“తెలీదు,” అంది మాబ్లి. “నేను ముసలిదాన్నయ్యాక కూడా రాకపోవచ్చు.”

బెకా దగ్గరికి జరిగి మాబ్లి మోచేతిని గట్టిగా పట్టుకుంది. వాన జోరందుకుంది. చుట్టూ ఉన్న చెట్లన్నీ పచ్చబడ్డాయి. మాబ్లి చెట్టు మీద మాత్రం నీళ్లు ఎక్కడా ఆగకుండా జారిపోతున్నాయి. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.